బట్టమేక గుడ్డుకు కట్టిన కంచె

నేను ఒక పిట్టను చంపాను. రాయి విసరలేదు, ఉచ్చు పెట్టలేదు, కాపాడబోయి చంపాను. అది అప్పటికి ఇంకా గుడ్డులోనే ఉండింది కాబట్టి, పిట్టను చంపానని చెప్పవచ్చో లేదో చదువుకున్నవాళ్ళు తేల్చాలి. నాకు సంతకం పెట్టేంత చదువే వచ్చు. నేను చెప్తుంటే మా చెల్లెలి మనవరాలు రాస్తోంది. నడుమ నడుమ "ఇది ఎందుకవ్వా" అంటోంది. రాయమన్నాను.

మా అత్తగారి ఊరు పెనుకొండకు తూర్పున. గోరంట్ల బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి. ఊరు దాటితే బీడు. అది ఎన్ని ఎకరాలో అప్పటికి ఎవరూ కొలవలేదు. ఈ చివర నిలబడి అరిస్తే ఆ చివర మనిషికి వినపడదు. చెట్టనేది లేదు. అక్కడొక రేగుపొద, ఇక్కడొక రేగుపొద, తక్కినదంతా కసువు గడ్డి. రెండు వానలు పడితే మోకాలెత్తు లేచేది. గాలి వస్తే ఒక పక్కకు పండుకునేది, గాలి పోతే లేచేది. సర్కారు కాగితాల్లో దాని పేరు బంజరు. బంజరు అంటే పనికిరాని నేల అట. ఊళ్ళో ఉన్న గొర్రెలన్నీ దానిమీదే బతుకుతున్నప్పుడు పనికిరాదని ఎవరు రాశారో, ఏ ఊరి నుంచి చూసి రాశారో నాకు తెలియదు.

మాకు నలభై గొర్రెలు ఉండేవి. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్త. కర్నూలు రాజధాని అయిన ఏడు నేను కాపురానికి వచ్చాను. వచ్చిన మూడో దినమే చేతికి కర్ర ఇచ్చి మంద వెనక తోలారు.

ఆ బీడుకు ఒక కట్టు ఉండేది. ఆషాఢం నుంచి దసరా దాకా నడిమి భాగంలోకి ఎవరూ గొర్రెను తోలకూడదు. కసువు గింజ పట్టి రాలాలి, అప్పుడే మరుసటి ఏడు కసువు ఉంటుంది. తోలినవాడి మందలో నుంచి ఒక పొట్టేలును పట్టుకొచ్చి కోసి ఊరంతా పంచుకుని తినేవాళ్ళు. వాడికి మాత్రం ముక్క పెట్టేవాళ్ళు కాదు. ఆ కట్టు పిట్టల కోసం పెట్టింది కాదు. కసువు కోసం పెట్టింది. కానీ ఆ నాలుగు నెలల్లోనే బట్టమేక పిట్ట గుడ్డు పెట్టేది. గొర్రె కాలు పడని నేల దానికి ఆ విధంగా దొరికేది.

బట్టమేకను చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. మేకపిల్లంత ఎత్తు ఉంటుంది. తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ, వీపు ఎండిన కసువు రంగు. ఎగరగలదు గానీ ఎగరడానికి ఇష్టపడదు. పెద్దింటి కోడలు నీళ్ళకు పోయినట్టు తల కదపకుండా నడుస్తుంది. నేను వచ్చిన కొత్తలో బీడులో పదో పన్నెండో ఉండేవి. మంద కదిలితే మిడతలు లేస్తాయి కదా, ఆ మిడతల కోసం మా వెనకే, ఒక కేక దూరంలో వచ్చేవి.

మా ఆయనకు అదొక ఆట. "చూడే, మీ పుట్టింటోళ్ళు వస్తాండారు. సద్దిమూట దాసిపెట్టు" అనేవాడు.

"మావాళ్ళు మిడతలు తింటారా?"

"గోరంట్ల పక్కోళ్ళు యేమైనా తింటారు."

నేను మూడు దినాలు మాట్లాడలేదు. నాలుగో దినం నాకే నవ్వొచ్చింది.

వానలు మొదలైతే మగది మెడ కింద తిత్తిని ఊదుకునేది. అది నేలను తాకేదాకా వేలాడేది. తోకను వీపు మీదికి మడిచి, బోరవిడిచి, ఒక మిట్ట మీద నిలబడి మూలిగేది. ఖాళీ కడవలో మూతి పెట్టి మనిషి మూలిగితే ఎట్లా ఉంటుందో అట్లా. మైలు దూరం వినపడేది. ఆడది ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెట్టేది. గూడు లేదు, పుల్ల లేదు, ఉత్త నేల మీద. గొర్రెలవాళ్ళకు గుడ్డు కంటబడితే ఇరవై అడుగుల దూరంలో రాయి మీద రాయి పెట్టిపోయేవాళ్ళు. అది చూసి వెనక వచ్చేవాడు మందను పక్కకు తిప్పేవాడు. దగ్గరికి పోయి చూడడం, చేయి పెట్టడం లేదు. మా అత్త తన వయసులో అట్లా ఎన్ని రాళ్ళు పెట్టిందో. నేను వచ్చేటప్పటికే ఆమెకు చూపు మందగించింది. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడడమే ఆమె పని.

కొత్త పైసలు వచ్చిన ఏడు సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చాడు. బీడు తూర్పు సగాన్ని ముక్కలు కోసి హద్దురాళ్ళు పాతాడు. నేల లేనివాళ్ళకు పట్టాలు. మా ఊరివాళ్ళకు కొన్ని, ఆమడగూరు వైపు నుంచి వచ్చినవాళ్ళకు కొన్ని. తప్పని ఎట్లా అంటాను? వాళ్ళ కడుపులు నాకు తెలుసు. ఎర్రనేలను మడకతో తిరగేసి శనక్కాయ విత్తారు. మొదటి పంట బాగానే వచ్చింది.

సగం పోయింది గానీ ఊళ్ళో గొర్రెలు సగం కాలేదు. అన్నీ మిగిలిన సగంలోకే వచ్చిపడ్డాయి. రెండేళ్ళకు ఆ నడిమి కట్టు తెగిపోయింది. ఒకడు తోలాడు, పొట్టేలు ఇవ్వనన్నాడు. "నువ్వు తోల్లేదా నిన్న?" అని ఊరిపెద్దనే అడిగాడు. పెద్ద తోలిన మాట నిజమే. ఇంక ఎవరు ఎవర్ని అడుగుతారు? కసువు గింజ పట్టకముందే నేలకు అంటిపోయేది.

అప్పటి నుంచి ఒక్కొక్కటే మారడం నేను కళ్ళతో చూశాను. కుందేళ్ళు తగ్గాయి. కుందేళ్ళు తగ్గేసరికి తోడేలు గొర్రెపిల్లల మీద పడింది. అంతకుముందు ఏడాదికి ఒకటో రెండో పోయేవి, ఆ ఏడు మాకే ఆరు పోయాయి. జింకలు ఓబులదేవరచెరువు వైపు పోయాయని చెప్పుకున్నారు, నేను చూడలేదు. అన్నిటికంటే నాకు వింతగా తోచింది కాకి. బీడులో కాకి ఉండేది కాదు. చేలల్లో మనుషులు సద్దులు తినడం మొదలయ్యాక కాకులు వచ్చాయి. అన్నం మెతుకుల కోసం వచ్చినవి నేలమీది గుడ్లు వెతకడం నేర్చాయి. తీతువు పిట్ట పొద్దంతా వాటి వెనక అరుస్తూ తిరిగేది.

బట్టమేకలు ఏడయ్యాయి, తర్వాత నాలుగయ్యాయి. ఒక ఎండాకాలం జీపు వేసుకుని తుపాకులవాళ్ళు వచ్చారు. జీపును చూసి ఆ పిట్ట పరిగెత్తలేదు. ఎద్దులబండిని చూసినట్టు తల తిప్పి చూసింది. రెండింటిని కొట్టి తీసుకుపోయారు. మిగిలినవి ఒక మగది, ఒక ఆడది.

చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు రెండో సగానికి కూడా పట్టాలు ఇస్తారని మాట పుట్టింది. మా ఆయన పెనుకొండ తాలూకాఫీసుకు రెండుసార్లు పోయి వచ్చాడు.

"మనకూ రెండెకరాలు వస్తాది" అన్నాడు, ముద్ద కలుపుతూ.

"గొర్లకేం పెడతావు?"

"అమ్మేస్తా. యెన్నాళ్ళు వాటి తోకలు చూస్తా తిరగల్ల? మా నాయనకు నేల లేదు, ఆయన నాయనకు లేదు. నా పేరు కాగితంలో ఉంటే చూడాలనుండాది."

"కాగితం చూసుకుంటే కడుపు నిండుతాదా?"

"నీకేం తెలుసులే. నీ చుట్టాలు యాడికి పోతారని నీ బాధ."

అందులో కొంత నిజం ఉంది. కొంతే. గొర్రె పోతే నా కర్ర పోతుంది. ఇంటి నాలుగు గోడలు, ఇంకొకరి చేలో కలుపు. బీడులో నాకు ఎవరూ చెప్పేవాళ్ళు లేరు. పిట్ట నిలబడితే బీడు నిలబడుతుందని ఒకడు వచ్చి చెప్పకపోయుంటే నేనూ ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

అతను ఆ ఏడే వేసవి చివర వచ్చాడు. జీపులో వచ్చాడు కాబట్టి గొర్రెలవాళ్ళందరం లేచి నిలబడ్డాం, తుపాకీ ఉందేమోనని. తుపాకీ లేదు. కళ్ళకు గొట్టాలు పెట్టుకుని రెండు దినాలు బీడంతా తిరిగాడు. నెత్తిన టోపీ, మోకాళ్ళ దాకా చెడ్డీ. సంతలో కట్టెతుపాకీ పట్టుకుని కోతలు కోసే పిట్టలదొర ఉంటాడు కదా, ఊళ్ళో ఇతనికి ఆ పేరే పెట్టారు. మా పక్కమంద ముసలాయన ముఖం మీదే అడిగాడు: "యేం దొరా, యెన్ని పులుల్ని కొట్టినావు?" అతను నవ్వి, "లెక్కపెట్టడమే తెలుసు పెద్దాయనా, కొట్టడం రాదు" అన్నాడు. పట్నపు మాట, కానీ మంచి మాట.

మా ఇంటి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. మా ఆయనతో మాట్లాడుతున్నాడు గానీ నాకు వినపడేటట్టే చెప్పాడు. ఈ పిట్ట దేశంలోనే తగ్గిపోతోందట. ఇక్కడ గుడ్డు పెడుతోందని తన కళ్ళతో చూస్తే, కలెక్టరు దగ్గరికి పోయి మిగిలిన బీడునైనా దున్నకుండా వదలమని అడుగుతాడట.

"అడిగితే ఇస్తారా?" అన్నాను తలుపు చాటు నుంచి.

"మాట ఇవ్వలేనమ్మా. గుడ్డు ఉంటే అడగడానికి నాకొక నోరు ఉంటుంది. లేకపోతే అదీ లేదు."

పోయేటప్పుడు నాలుగు పోస్టుకార్డులు ఇచ్చాడు. వాటి మీద అతని విలాసం ముందే రాసి ఉంది. "మీరేమీ రాయక్కర్లేదు. గుడ్డు కనబడితే వెనకాల ఒక సున్న చుట్టి డబ్బాలో వేయండి. నేను వస్తాను."

శ్రావణంలో నాకు గుడ్డు కనబడింది. పొద్దున మంచు ఆరకముందు, ఆడది ఒక చోట నుంచి లేచి, ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ పోయింది. అది లేచిన చోటును కంటితో పట్టుకుని పోయాను. చూపు పక్కకు తిప్పితే మళ్ళీ కనపడదు. నా పిడికిలి కంటే పెద్దది, బురదలో ముంచి తీసినట్టు మచ్చలు. ఇరవై అడుగులు వెనక్కి వచ్చి రాయి మీద రాయి పెట్టాను. ఇంటికి పోయి, బొగ్గుతో కార్డు మీద సున్న చుట్టి, రెండు మైళ్ళు నడిచి బస్సు రోడ్డు డబ్బాలో వేసి వచ్చాను. నా జన్మలో నేను రాసిన మొదటి ఉత్తరం అదే.

మరుసటి దినం పోయి చూస్తే రాయి మీద రాయి లేదు. ఆమడగూరు వైపు మంద ఒకటి అటుగా పోయింది. గొర్రె గిట్టలు గుడ్డుకు రెండు బారల దూరంలో ఉన్నాయి. వాళ్ళకు మన గుర్తులు తెలియవు. అతను వచ్చేదాకా పది దినాలో పదిహేను దినాలో, ఈ గుడ్డు నిలవాలి. నేను పొద్దంతా అక్కడే నిలబడితే పిట్ట రాదు. నిలబడకపోతే మందలు వస్తాయి.

మా ఆయనకు చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. గుడ్డు నిలిస్తే పట్టా పోతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"యేం చేయాలనుండాది నీకు?" అన్నాడు.

"కంప కడదాం. ఈనిన గొర్రెకు కడతాం కదా, అట్ల."

"నా రెండెకరాలకు నా చేత్తోనే కంప కొట్టమంటాండావు."

"ఊఁ."

"మంచి దానివే దొరికినావు నాకు" అన్నాడు. అని కొడవలి తీసుకున్నాడు.

మా అత్తకు చెప్పలేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. అరుగు మీద చెప్తే పొద్దు గుంకేలోపు హిందూపురం దాకా పోతుంది. గుడ్డు కూర వండుకునేవాళ్ళు ఊళ్ళోనే నలుగురున్నారు. ఆమెను అడగాలని మాత్రం మా ఇద్దరికీ తోచలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం రేగుకంప కొట్టి, గుడ్డు చుట్టూ నడుమెత్తు దొడ్డి కట్టాం. మా పని మాకు బాగా తెలుసు. కొమ్మ మొదలు లోపలికి, ముళ్ళు బయటికి. గొర్రె రాదు, కుక్క రాదు, నక్క రాదు. పిట్ట నడిచి పోవడానికి ఒక పక్క సందు వదిలాం. ఆయన ఆ సందులో కింద రాలిన ముళ్ళను చేత్తో ఏరాడు, పిట్ట కాలికి గుచ్చుకుంటుందని. ఆయన పోయి ఇన్నేళ్ళయింది. ఆయన గొంతుక్కూర్చుని ముళ్ళు ఏరడం నాకు కళ్ళకు కట్టినట్టుంది.

పిట్ట వచ్చింది. దొడ్డికి వంద అడుగుల దూరంలో నిలబడింది. ఇటు నాలుగు అడుగులు వేసింది, అటు నాలుగు అడుగులు వేసింది. మేమున్నామని రాలేదనుకుని ఇంటికి పోయాం. మరుసటి పొద్దున అది అదే దూరంలో నిలబడి ఉంది. కొత్త కదా, అలవాటు పడుతుందిలే అనుకున్నాను. గొర్రెకు అలవాటవుతుంది కదా. ఆ మధ్యాహ్నం అది నేల మీద కూర్చుంది, గుడ్డు లేని చోట, దొడ్డి వైపు తిరిగి. నాకు సంతోషమేసింది, దగ్గరికి వస్తోందని. మూడో దినం అది ఇంకా దూరం పోయింది.

మూడో సాయంత్రం ఇంక ఉండబట్టలేక అత్త దగ్గర నోరు విప్పాను. ఆమె తాంబూలం నములుతోంది. నమలడం ఆపింది.

"కంప కట్టినారా? యెంతెత్తు?"

"నడుమెత్తు అత్తా."

"మీ ఇద్దరికీ బుద్ధుండాదా లేదా? దానికి నాలుగు దిక్కులూ కండ్లబడల్ల. కూచున్న చోటునుంచి నక్క యాడినుంచి వస్తాదో, మనిషి యాడినుంచి వస్తాడో చూసుకుంటా పొదుగుతాది. అందుకే కదే చెట్టు లేని చోట పెట్టేది. రాళ్ళు ఇరవై అడుగుల దూరంలో యెందుకు పెడతాం? దగ్గర పెడితే ఆ రెండు రాళ్ళకే రాదు. నువ్వు దాన్ని బాయిలో కూచోమంటాండావు."

"నాకెవరూ చెప్పలేదు కదత్తా."

"నువ్వు అడిగితే కదా చెప్పేది! గుడ్డి ముండ, దీనికేం తెలుసులే అనుకున్నావు."

పొద్దు గుంకేలోపు పరిగెత్తి కంప పీకేశాను. చేతులు చీరుకుపోయాయి. గుడ్డును తాకి చూస్తే చల్లగా ఉంది. మరుసటి పొద్దున పిట్ట వచ్చింది. గుడ్డు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. తల వంచి చూసింది. కూర్చోలేదు. తిరిగి చూడకుండా నడుచుకుంటూ పోయింది. దాన్ని నేను చూడడం అదే చివరిసారి. అది పోయిన కొంచెంసేపటికే కాకి దిగింది.

కాకిని తోలి గుడ్డును కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. మా ఇంట్లో ఒక కోడి పొదుగు మీద ఉంది. దాని కింద పెట్టాను. ఇంకేం చేయాలి నేను? నాకు తెలిసినవి రెండే, కంప కట్టడం, కోడిని కూర్చోబెట్టడం. కోడికి అది పెద్దదైంది. రొమ్ము ఎత్తిపెట్టి, కుండ మీద కూర్చున్నట్టు కూర్చుంది. అయినా లేవలేదు.

కార్డు వేసిన పద్దెనిమిదో దినం అతను వచ్చాడు. రైల్లో పెనుకొండ దాకా వచ్చి, జీపు దొరక్క గోరంట్ల బస్సెక్కి, రోడ్డు నుంచి నడిచి వచ్చాడు. మొహమంతా వెలిగిపోతోంది. "ఎక్కడమ్మా?" అన్నాడు, చెప్పులు కూడా విప్పకుండా.

నేను గంప చూపించాను.

కోడి కింద చేయి పెడితే అది వేలు పొడిచింది. మా ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. అతను గుడ్డును చెవి దగ్గర పెట్టుకున్నాడు. మెల్లగా ఊపాడు. లోపల నీళ్ళ చప్పుడు నాకూ వినపడింది. ఇంకోసారి ఊపలేదు. గుడ్డును గంపలో పెట్టి, "దొరికిన చోటు చూపిస్తారా?" అన్నాడు.

ముగ్గురం పోయాం. పీకిన కంప ఒక పక్కన కుప్పగా పడి ఉంది. అతను కంపను చూశాడు. నేల మీద గుండ్రంగా గుంతలు ఉన్నాయి, కొమ్మలు గుచ్చినవి. వాటిని చూశాడు.

"ఇది ఎవరు కట్టారు?"

"నేనే సామీ."

"ఎన్ని రోజులు ఉంచారు?"

"మూడు దినాలు."

అతను గొంతుక్కూర్చున్నాడు. గడ్డి పరక ఒకటి పీకి ముక్కలు చేస్తూ ఉన్నాడు.

"నేనే చంపినానా సామీ?"

"తెలిసి చేసింది కాదు కదమ్మా."

"తెలిసి చేసినానా తెలీక చేసినానా అని అడగలేదు సామీ."

"అవునమ్మా. కంచె చూసి రాలేదు" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు అతని మీద నాకు ఇప్పటికీ గౌరవం. తర్వాత అన్నాడు: "నేను కూడా చెప్పి ఉండాల్సింది. సున్న చుట్టమన్నాను గానీ, చుట్టాక ఏం చేయకూడదో చెప్పలేదు."

అయినా అతను కలెక్టరు దగ్గరికి పోయాడు. గుడ్డు నేల మీద లేదు, పిట్ట ఎదురుగా లేదు, కోడి కింద దొరికిన గుడ్డుకు ఏం సాక్ష్యం? ఆ బీడులో పిట్ట లేదు, నేల లేని మనుషులు ఉన్నారని చెప్పి పంపించారట. ఆ సంగతి అతను మా పేరున ఉత్తరం రాస్తే బడి అయ్యవారు చదివి వినిపించాడు. చదివి, "యేం పిట్టమ్మా అది, కలెక్టరు దాకా పోయినాది?" అని అడిగాడు.

మరుసటి ఏడు పట్టాలు వచ్చాయి. మాకు రెండెకరాలు. గుడ్డు ఉండిన చోటు మాకు రాలేదు, మూడు ముక్కలు అవతలివాళ్ళకు పోయింది. మా ఆయన కాగితాన్ని పసుపుగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టాడు. పదిసార్లు తీసి చూశాడు, చదవడం రాదు గదా, తలకిందులుగా పట్టుకుని చూసేవాడు. ఆ సంతోషాన్ని నేను చెడగొట్టలేదు. గొర్రెలను హిందూపురం సంతకు తోలుకుపోయి అమ్మేశాడు. నేను సంతకు పోలేదు.

విత్తు వేసింది నేనే. మడక వెనక చాలులో విత్తుతూ పోయాను.

మగది మాత్రం వచ్చింది. శనక్కాయ పూత మీద ఉండగా ఒక పొద్దున మా చేలో నిలబడి ఉంది. తిత్తి ఊదింది, తోక మడిచింది, మూలిగింది. ఎవరి కోసం? ఆ బీడులో ఆడది లేదు. చుట్టూ కలుపు తీసే మనుషులు, గట్ల మీద కుక్కలు. ఒక చేలో నుంచి తోలితే ఇంకో చేలోకి పోయి మళ్ళీ మూలిగేది. కాయ ఊరేటప్పటికి చెట్లు పీకుతోందని అందరూ మట్టిగడ్డలు విసిరారు. నేనూ విసిరాను. మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు. రెండెకరాలే గదా మాకు ఉండేది. అందులో కాయలు పోతే ఏం తింటాం?

అది ఇంకొక వానకాలం కూడా వచ్చింది. అంతే. చచ్చిందో, ఎవరైనా కొట్టారో, ఎటైనా పోయిందో. పోవడానికి చోటు ఉండిందని నేననుకోను.

నేల కూడా మమ్మల్ని నిలబెట్టలేదు. కసువు వేళ్ళు పట్టుకుని ఉన్నంతకాలం ఉండిన మట్టి, దున్నిన నాలుగైదేళ్ళకు వానకు కొట్టుకుపోయింది. కింద గరుసు రాళ్ళు తేలాయి. వరసగా రెండేళ్ళు వానలు పోయాయి. మా అత్త పోయింది. ఆ తర్వాత ఏడు మా ఆయన నెల దినాలు జ్వరంతో పడి పోయాడు. నేను ధర్మవరం పోయి పట్టుసాలె వాళ్ళింట్లో నూలు చుట్టే పనికి కుదిరాను. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా గోడే కనపడేది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నా రెండెకరాలను దున్నకుండా వదిలేద్దామని. కసువు లేస్తే ఏమో, ఎక్కడైనా ఒక జత మిగిలి ఉంటే. ఎవరికీ చెప్పలేదు. పిచ్చిదని అంటారు. వానకాలంలో ఊరికి పోయి చూసి వచ్చేదాన్ని. మొదటి ఏడు అక్కడక్కడ పరకలు లేచాయి. కంజుపిట్టలు నాలుగు కనపడ్డాయి. పొంగిపోయాను. మళ్ళీ నెలకు పోతే నేల గీకినట్టుంది. పైరు లేని చేను ఊరందరిది, ఉన్న గొర్రెలూ ఆవులూ మేకలూ అన్నీ అందులోనే. కంచె కడదామా అంటే, ఆ ఆలోచనకే నా చేతులు ఆడలేదు. రెండో ఏడూ అంతే. చేను నడుమ నిలబడి చుట్టూ చూశాను. తూర్పున శనక్కాయ, పడమట శనక్కాయ, దక్షిణాన కొత్తగా తవ్వుతున్న బావి, మనుషుల కేకలు. నాలుగు దిక్కులూ చూసుకుని కూర్చునే పిట్ట ఇక్కడ ఏం చూసుకుంటుంది? రెండెకరాల్లో బట్టమేక బతకదు. బీడంతా ఉంటేనే బతుకుతుంది. బీడును నేనొక్కదాన్నే యాడ తెచ్చేది?

పక్క చేనాయన గట్టు మీద నుంచి కేకేశాడు. "యేమక్కా, నేల ఊరకే పడేసినావు. నాకన్నా ఇయ్యి, గుత్తకు చేసుకుంటా."

"చేసుకో అబ్బా."

"యేం విత్తమంటావు?"

"నీ ఇష్టం."

ఆయన ఆ సాయంత్రమే మడక తెచ్చి గట్టు మీద పెట్టుకున్నాడు. నేను బస్సుకు నడిచాను.